బర్మార్ తుపాకి

బర్మార్ అంటే మూతి వైపు నుంచి మందు పోసి, కూరి, పేల్చే ఒంటిగొట్టం తుపాకి. ఉర్దూలో ‘భర్‌నా’ అంటే నింపడం, ‘మార్‌నా’ అంటే కొట్టడం. నింపి కొట్టేది కాబట్టి భర్‌మార్. తెలంగాణ నోట్లో పడి అది బర్మార్ అయింది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో 20వ శతాబ్దం సగం దాకా తుపాకి అనగానే ఎక్కువమందికి తెలిసింది ఇదే. గడీల్లో, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ళలో, జోడుగొట్టాల విదేశీ తుపాకులు గోడలకు వేలాడుతూ ఉండేవి. సినిమాల్లో కనిపించే పంప్ యాక్షన్ షాట్‌గన్ మాత్రం అప్పట్లో ఈ మెట్టనేలకు చేరనే లేదనవచ్చు.

చూపుకు వేరుగా ఉన్నా ఈ మూడూ ఒకే కుటుంబానివి. గొట్టం లోపలి తలం నున్నగా ఉండటం వీటి గుర్తు. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి దూరానికి సూటిగా పంపుతాయి. నున్నటి గొట్టానికి ఆ పని చేతకాదు. అది ఒకేసారి పిడికెడు సన్నటి సీసపు గుండ్లు విసురుతుంది. అవి దూరం వెళ్ళే కొద్దీ విచ్చుకుంటాయి. ముప్పై నలభై గజాల లోపు ఎగిరే పిట్టకైనా, పరుగెత్తే పందికైనా తగలాలంటే ఈ విచ్చుకోవడమే కావాలి. అంతకు మించితే బలం తగ్గిపోతుంది. బర్మార్‌కీ జోడుగొట్టాల తుపాకికీ పంప్ తుపాకికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎంతసేపు పడుతుందన్న దగ్గరే అవి విడిపోతాయి. ఆ వ్యవధిని తగ్గించుకుంటూ రావడమే ఈ తుపాకుల చరిత్రలో ఎక్కువ భాగం. నిజాంకూ దొరలకూ ఎదురుగా నల్లగొండ రైతులు బర్మార్ పట్టుకుని పోరాడిన రోజుల్లో వాళ్ళ ప్రాణాలు ఆ వ్యవధి మీదే వేలాడాయి.

బర్మార్‌ను సిద్ధం చేయడానికి ముందు దాన్ని నిలబెట్టాలి. వెనకటి చెక్క భాగమైన కుందాను నేలకు ఆనించి, గొట్టం మూతి పైకి ఉంచి, లోపలికి నల్లమందు పోయాలి. దాని మీద గుడ్డ పేలికో పీచో ఉండచేసి, ఇనుప చువ్వతో అడుగుదాకా కూరాలి. ఆ తర్వాత సీసపు గుండ్లు వేసి, అవి జారిపోకుండా పైన మరో ఉండ కూరాలి. గొట్టం కింద గాడిలో ఇమిడి ఉండే ఆ చువ్వే బర్మార్‌ను దూరం నుంచి గుర్తుపట్టే ఆనవాలు. ఇక తుపాకిని ఎత్తి, గొట్టం అడుగున పక్కగా పొడుచుకొచ్చిన చిన్న మొన మీద రాగి టోపీ తొడగాలి. కందిగింజంత ఉండే ఆ టోపీలో దెబ్బ తగలగానే భగ్గుమనే రసాయనం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే, ఉర్దూలో ‘ఘోడా’ అనే సుత్తి వచ్చి టోపీ మీద పడుతుంది. ఆ నిప్పు మొనలోని సన్నటి రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. మందు ఒక్కసారిగా వాయువుగా మారి, బయటికి దారి వెతుక్కుంటూ గుండ్లను ముందుకు తోస్తుంది. మూతి నుంచి తెల్లటి పొగ కమ్ముకుంటుంది. ఆ పొగ కాల్చినవాడి చూపుకు కాసేపు అడ్డం పడటమే కాక, ఎదుటివాడికి అతని చోటు చూపిస్తుంది.

ఈ తతంగమంతా తిరిగి చేయడానికి చేయి తిరిగినవాడికైనా నిమిషం దాకా పడుతుంది. కవాతు చేసిన సిపాయి అయితే మూతి నుంచి నింపే తుపాకిని నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలిగేవాడు. కానీ అతనికి మందూ గుండూ కొలిచి కట్టిన కాగితపు పొట్లాలు ఉండేవి. చేలో కావలి కాసే రైతు దగ్గర ఉండేది మందు కొమ్ము, గుండ్ల సంచి, చీకటి. నాలుగు దెబ్బలు పేలేసరికి గొట్టం లోపల మసి పేరుకుని చువ్వ దిగడమే కష్టమవుతుంది. వానాకాలం మందు చెమ్మగిల్లితే టోపీ టప్పుమంటుంది, తుపాకి మాత్రం పేలదు.

ఇంతకు ముందు తరం తుపాకితో పోలిస్తే ఈ టోపీ కూడా పెద్ద ముందడుగే. దక్కనులో శతాబ్దాల పాటు నడిచినవి వత్తి తుపాకులు. సురేకారపు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన నూలు తాడును ‘తోడా’ అనేవారు. దాని కొన ఎప్పుడూ రాజుకుంటూ ఉండాలి. ట్రిగ్గర్ నొక్కితే ఆ నిప్పు కొన పక్కనున్న మందు గిన్నెలో వాలుతుంది. నిజాం రాజ్యంలో జీతానికి పనిచేసిన అరబ్బులు, రోహిల్లాలు పొడవాటి తోడేదార్ బందూకులతో కోటలకు, సాహుకార్ల ఇళ్ళకు కాపలా కాసేవారు. అప్పు వసూళ్ళకు వాళ్ళు వస్తున్నారంటే ఊళ్ళు వణికేవి. ఈ జీతగాళ్ళ ఆగడాలను అదుపులో పెట్టడానికి దివాను మొదటి సాలార్‌జంగ్ చాలా శ్రమపడవలసి వచ్చింది.

ఐరోపాలో తోడా స్థానంలోకి చెకుముకి వచ్చింది. ఘోడా కొనకు బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీసి నిప్పురవ్వ రాల్చేది. పక్షుల వేటలో ఆ రవ్వకూ పేలుడుకూ మధ్య ఆలస్యాన్ని చూసి విసిగిన స్కాట్లండు మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలితే మండే రసాయనాన్ని తుపాకికి వాడవచ్చని కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. 1820ల్లో అది రాగి టోపీ రూపం తీసుకుంది. మన నాటు కమ్మరి చేతికి అందింది ఈ ఏర్పాటే. పనిముట్లు చేసే కొలిమిలోనే గొట్టం సాగి, వడ్రంగి చేతిలో టేకు చెక్క కుందాగా మారేది. పరాయి దేశపు కర్మాగారం అవసరం లేకుండా పల్లెలోనే బాగుచేసుకోగల తుపాకి కాబట్టే బర్మార్ నూరేళ్ళకు పైగా నిలిచింది.

గడీలోని తుపాకి దారి వేరు. ఫ్రాన్సులో కాసిమీర్ లెఫోషు 1830ల్లో, గొట్టం అడుగున మడత బందు పెట్టి, తుపాకిని నడుం దగ్గర విరిచి తూటా పెట్టే పద్ధతిని నిలబెట్టాడు. మందు, గుండ్లు, టోపీ అన్నీ ఒకే తూటాలో ఇమిడాయి. కూరడం పోయింది, విరవడం, పెట్టడం, మూయడం మిగిలాయి. రెండు గొట్టాలు పక్కపక్కన బిగిస్తే వెంటవెంటనే రెండు దెబ్బలు. బ్యాంకు గుమ్మంలో కాపలాదారు భుజాన ఇప్పటికీ కనిపించేది ఇదే. దీన్ని పన్నెండు బోరు అంటారు. గొట్టం లోపలికి సరిగ్గా సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిపి తూస్తే ఒక పౌను తూగుతాయి, అంటే ఒక్కోటి సుమారు 38 గ్రాములు. ఆ లెక్కన గొట్టం వెడల్పు 18.5 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఇరవై బోరు పన్నెండు బోరు కన్నా చిన్నది. తూటాలో గుండ్ల సైజు మరో లెక్క. పిట్టల కోసం వాడే ఆరో నంబరు గుండ్లు ఔన్సుకు 270 వస్తే, పెద్ద జంతువుల కోసం చేసిన ఎల్‌జీ గుండ్లు ఔన్సుకు ఆరే వస్తాయి.

షికారు దొరల వినోదం. 1890లో ఎవరి పేరు మీద పాలమూరుకు కొత్త పేరు వచ్చిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన పులుల వేటగాడు. నల్లమల అంచున మన్ననూరు దాటాక వచ్చే ఫరహాబాదులో నిజాం కాలపు వేట విడిది శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అదే అడవిలో బతికే చెంచుల చేతిలో ఉన్నది విల్లమ్ములు. 1940లో అమ్రాబాదు పీఠభూమిలో వాళ్ళ మధ్య ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, 1943లో వెలువడిన తన పుస్తకంలో ఆ విల్లమ్ముల గురించి, దుంపలు తవ్వే కర్రల గురించి వివరంగా రాశాడు. ఒక్క అడవిలో మూడు కాలాల ఆయుధాలు కలిసి ఉండేవన్నమాట: చెంచు విల్లు, అంచు ఊళ్ళ రైతు బర్మార్, షికారుకు వచ్చిన దొరల తూటా తుపాకి.

నల్లగొండలో గడీ తుపాకి వేట దగ్గరే ఆగలేదు. అది ఊరి మీద అధికారానికి కాపలా. వెట్టి చేయనన్నవాడికీ, నాగు అప్పు కట్టలేనన్నవాడికీ గోడ మీది ఆ తుపాకే జవాబు. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొరలను ఎదిరించిన రైతుల సంఘం ఊరేగింపు గడీ దగ్గరికి వచ్చినప్పుడు భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. పొట్టలో గుండు దిగి, ఊరేగింపులోని దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. జనగామ అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిది. ఆ రోజు ఊరేగింపులో ఉన్నవాళ్ళ చేతుల్లో గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు ఉన్నాయి, తుపాకులు లేవు.

వడిసెల గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. జొన్నచేను మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి తిప్పే తాడు అది. మధ్యలో రాయి పెట్టే అల్లిక. గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి ఈలవేస్తూ దూసుకుపోతుంది. మందు అక్కర్లేదు, చెమ్మ బాధ లేదు, ఏరుకున్నన్ని రాళ్ళు. బర్మార్ ఒక్కసారి పేలి మళ్ళీ సిద్ధమయ్యేలోపు వడిసెల తిప్పేవాడు పదిరాళ్ళు విసరగలడు. అందుకే తెలంగాణ రైతాంగ పోరాటం తొలినాళ్ళలో ఊరు ఊరంతా మిద్దెల మీదికి ఎక్కి రాళ్ళు కుప్పపోసుకుంది. ఆడవాళ్ళు కారంపొడి, రోకలిబండలు సిద్ధంగా ఉంచుకున్నారు. దేశ్‌ముఖుల మనుషులు మోసుకొచ్చిన తుపాకుల్లోనూ చాలావరకు నిదానంగా నిండేవే. ఒక్క దెబ్బ తప్పించుకున్న గుంపు, రెండో దెబ్బ సిద్ధమయ్యేలోపు మీదపడవచ్చు. జనం ధైర్యానికి ఈ నిమిషం వ్యవధి కూడా ఒక ఆసరా అయింది. ఎదురుగా పోలీసుల రైఫిళ్ళు వచ్చినచోట ఆ ఆసరా ఉండేది కాదు. అక్కడ ప్రాణనష్టం ఎక్కువ.

1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. ఆయుధాలు ఎక్కడి నుంచి తేవాలన్నది మొదటి ప్రశ్న. జవాబు గడీల్లోనే ఉంది. పోరాట దళాలు గడీల మీద, పటేల్ పట్వారీల ఇళ్ళ మీద పడి బర్మార్లు, తూటా తుపాకులు ఎత్తుకొచ్చాయి. వాటితో పోలీసు ఠాణాల మీద, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల క్యాంపుల మీద దాడిచేసి రైఫిళ్ళు సంపాదించాయి. దళంలో కొత్తగా చేరినవాడికి మొదట దక్కేది బర్మారే. ఒక్క దెబ్బే ఉన్న తుపాకి పట్టుకున్నవాడు ఆ దెబ్బను దగ్గరికి వచ్చేదాకా దాచుకోవాలి, పేల్చగానే చోటు మార్చాలి. పొంచి ఉండటం, కొట్టి తప్పుకోవడం అనే గెరిల్లా పద్ధతిని ఆయుధమే సగం నేర్పింది. పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాటం మీద రాసిన గ్రంథం లెక్కల ప్రకారం, పోరాటం ఉచ్చదశలో సుమారు మూడువేల గ్రామాలకు విస్తరించింది. గ్రామరక్షక దళాల్లో పదివేల మంది, గెరిల్లా దళాల్లో రెండువేల మంది ఉన్నారు. అంతమందికీ తుపాకులు దొరికే మాటే లేదు.

కరవిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం రాజక్క పేరుతో అలాంటి ఒక దళాన్ని నడిపారు. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథకు ‘నా మాటే తుపాకీ తూటా’ అని పేరు. పాటలతో, ఉపన్యాసాలతో జనాన్ని కదిలించిన మనిషి కనుక ఆ పేరు ఆమెకు తగింది.

బర్మార్ శక్తి ఎంతవరకో 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి చూపించింది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ ఊరివాళ్ళు, ఎత్తయిన బురుజు మీద కావలి పెట్టుకుని, నాటు తుపాకులతో, వడిసెలలతో అంతకుముందు రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. ఎత్తు నుంచి కొట్టేవాడికి నిమిషం వ్యవధి పెద్ద లోటు కాదు; గోడ అతన్ని కాపాడుతుంది. కానీ ఈసారి రజాకార్లు నిజాం సైన్యంతో, ఫిరంగితో వచ్చారు. బురుజు మీది రక్షణ విరిగింది. వందకు అటూ ఇటుగా ఊరివాళ్ళను చంపేశారు. మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. బైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. పోరాటం సైన్యానికి ఎదురుగా 1951 అక్టోబరు దాకా సాగింది. బర్మార్‌తో మొదలుపెట్టిన దళాలు ఆటోమేటిక్ తుపాకులున్న సైన్యం ముందు అడవుల్లోకి, నల్లమల లోతుల్లోకి జరగవలసి వచ్చింది.

నల్లగొండలో రైతు చువ్వతో మందు కూరుతున్న నాటికి, రెండు దెబ్బల మధ్య వ్యవధిని అరసెకను దాకా కుదించిన తుపాకి పుట్టి యాభై ఏళ్ళు దాటింది. అమెరికాలో క్రిస్టఫర్ స్పెన్సర్ 1880ల్లో పంప్ తుపాకిని అమ్మకానికి తెచ్చాడు. దాన్ని గట్టి యంత్రంగా మలిచినవాడు జాన్ బ్రౌనింగ్. అతని రూపకల్పనతో వించెస్టర్ కంపెనీ 1893లో ఒక నమూనా, లోపాలు సరిచేసి 1897లో మరొకటి విడుదల చేసింది. ఈ రెండోది 1957 దాకా, పది లక్షలకు పైగా తయారైంది. పంప్ తుపాకుల్లో క్లాసిక్ అంటే దీన్నే ముందు చెబుతారు.

దాని పనితీరు చూస్తే బ్రౌనింగ్ తెలివి అర్థమవుతుంది. పేలే గొట్టం కింద, బర్మార్‌కు చువ్వ ఉండేచోట, మరో సన్నటి గొట్టం ఉంటుంది. అందులో ఐదు తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. ముందు కొసన ఉన్న స్ప్రింగు వాటిని కుందా వైపు తోస్తూ ఉంటుంది. ఆ గొట్టం మీద ముందుకూ వెనక్కూ జరిగే చెక్క పిడి ఉంటుంది. ఎడమచేత్తో పట్టేది దాన్నే. పేల్చాక పిడిని వెనక్కి లాగితే, దానికి తగిలించిన ఇనుప పట్టీ బోల్టు గడియ విప్పి వెనక్కి తోస్తుంది. బోల్టు కొసన ఉన్న కొక్కెం కాలిన తూటాను పట్టి లాగి పక్కకు విసిరేస్తుంది. అదే కదలికలో ఘోడా వెనక్కి ఒరిగి కట్టుకుంటుంది. కింది గొట్టంలోంచి ఒక్క తూటా వెనక్కి జారి పలక మీద పడుతుంది. పిడిని ముందుకు తోస్తే ఆ పలక తూటాను పైకి లేపుతుంది. బోల్టు దాన్ని గొట్టంలోకి నెట్టి గడియ వేస్తుంది. లాగడం, తోయడం అంతే. తీయడం, నింపడం, ఘోడా కట్టడం మూడూ ఒక్క చేతి ఊపులో జరిగిపోతాయి. పేలుడు బలం మీద ఆధారపడే ఆటోమేటిక్ తుపాకిలో తూటా బలహీనంగా ఉంటే యంత్రం ఆగిపోవచ్చు. పంప్ తుపాకిని నడిపేది చేయి కాబట్టి ఆ బాధ లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు ఈ తుపాకిని కందకాల్లో వాడారు. 1918లో జర్మనీ దీనిమీద అధికారికంగా అభ్యంతరం తెలిపింది. ఆ నమూనాలో ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచి పిడిని ఊపుతూ పోతే ప్రతిసారీ తుపాకి పేలేది. తర్వాత వచ్చిన రెమింగ్టన్ 870 వంటి తుపాకుల్లో ఆ ప్రమాదం లేకుండా చేశారు. 1950లో మొదలైన 870 కోటి దాటి అమ్ముడైంది.

పంప్ తుపాకి తెలంగాణ పల్లెకు రాకపోవడానికి కారణాలు చెప్పుకోవడం కష్టం కాదు. గడీల దొరలు ఇంగ్లండు అలవాట్లు నేర్చారు. ఇంగ్లీషు షికారీకి జోడుగొట్టాలే మర్యాద. రైతుకు అది అందని ధర, పైగా ఊరి కమ్మరి బాగుచేయలేని యంత్రం. తర్వాత భారత ఆయుధ కర్మాగారాలే పన్నెండు బోరు పంప్ తుపాకులు తయారుచేయడంతో అవి కాపలాదార్ల చేతికి, భద్రతా దళాల చేతికి వచ్చాయి.

స్వతంత్ర భారత చట్టం బర్మార్‌ను మరచిపోలేదు. 1959 ఆయుధ చట్టంలోని 13వ సెక్షన్, పంటల రక్షణ కోసం మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని దాని పేరు పెట్టి మరీ చెబుతుంది. అది చాలదని అధికారికి తోస్తేనే మరో రకం నున్నటి గొట్టం తుపాకికి అనుమతి. నిదానంగా నిండుతుందన్న లోపమే ఇక్కడ దాని అర్హత అయింది. పందిని బెదిరించడానికి ఒక్క దెబ్బ చాలు, మనుషుల మీదికి పోవడానికి చాలదు. పాత లైసెన్సు పత్రాల్లో ఎస్‌బీఎంఎల్ అని కనిపించే నాలుగక్షరాలకు అర్థం ఒంటిగొట్టం మూతినింపుడు తుపాకి అనే. డీబీబీఎల్ అంటే జోడుగొట్టాల తూటా తుపాకి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్నికలు వస్తే లైసెన్సుదారులు తుపాకులను ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోవడం రివాజు. లైసెన్సు లేని బర్మార్, తాతది అయినా సరే, నేరమే.

వేట ముచ్చట 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో చాలావరకు ముగిసింది. కానీ పంట కావలి అవసరం పోలేదు. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు పల్లి చేలను అడవిపందులు ఒక్క రాత్రిలో కుళ్ళగించి పోతాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం సర్పంచులకు, మునిసిపల్ అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, లైసెన్సున్న షూటర్లతో పందులను కాల్పించడానికి వీలు కల్పించింది. ఈ ఏర్పాటు కింద పందిని కాల్చడానికి రైతు తానే తుపాకి పట్టకూడదు. నాటు తుపాకితో వేటకు పోయిన మనిషి పొరపాటున తోటివాడినే కాల్చిన సంఘటనలు జరిగాయి. చీకట్లో విచ్చుకునే గుండ్లు పందినీ మనిషినీ ఎంచుకోవు.

ఇక విలువ సంగతి. 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోవడంతో, అంతకుముందు వచ్చిన ఇంగ్లండు, బెల్జియం, అమెరికా తుపాకులకు మన దేశంలో గిరాకీ పెరిగింది. కొనేవాళ్ళు గొట్టం అడుగున తయారీదారు పేరు, లండను లేదా బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర ఉన్నాయా అని చూస్తారు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన పాత డమాస్కస్ గొట్టాల మీద అలల్లాంటి గీతలు ఉంటాయి. చూడటానికి అందంగా ఉన్నా, నల్లమందు ఒత్తిడికి చేసినవి కాబట్టి నేటి పొగలేని మందు తూటాలు వాటిలో పేల్చడం ప్రాణాంతకం.

బర్మార్‌కు బజారు ధర పెద్దగా లేదు. దాని విలువ చరిత్రది. బాగుచేసినా ఇక పేలదని తేలిన పాతకాలపు ఆయుధాన్ని 1959 చట్టంలోని 45వ సెక్షన్ తన పరిధి నుంచి తప్పించింది. నూరేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించకూడదు. అటకమీద పాత గొట్టం దొరికితే దాన్ని ఇనుప సామానుకు వేయకుండా, ముందు ఠాణాలో తెలియజేసి, పేలదని నిర్ధారించుకుని, పురావస్తు శాఖకు చూపించడం సరైన దారి. కొమరయ్య కాలపు ఊళ్ళు వాడిన ఆయుధాల్లో వడిసెల తాళ్ళు ఎప్పుడో చివికిపోయాయి, గుత్పలు పొయ్యిలోకి పోయాయి. మిగలగలిగింది ఈ ఇనుప గొట్టమే. కుందా మీద చేయి ఆనిన చోట అరిగిన గుంట, చువ్వ రాపిడికి మూతి దగ్గర పలచబడిన అంచు చూస్తే అది ఎన్నిసార్లు నిండి ఉంటుందో ఊహించవచ్చు.